విమానము విడిచిన పిమ్మట

2024వ సంవత్సరము మార్చి 18వ తేదీన బాపట్ల జిల్లాలోని కొరిశపాడు, రేణింగవరము గ్రామముల నడుమ జాతీయ రహదారి కొంతసేపు విమానములకు విడిచిపెట్టబడినది. సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు గల ఆ దారిమీద ఏఎన్-32, డోర్నియరు రకముల రవాణా విమానములు దిగి మరల ఎగిరినవి. సుఖోయి, హాక్ యుద్ధవిమానములు దారిని తాకునంత క్రిందికి వచ్చి, తాకకయే పైకి లేచిపోయినవి. 2022 డిసెంబరు 29న ఇదే చోట మొదటి పరీక్ష జరిగియుండెను. విమానాశ్రయము అందుబాటులో లేని అత్యవసర సమయమున దిగుటకు ఇట్టి దారిని సిద్ధపరచియుంచిరి.

సూర్యలంక తీరమున వైమానిక దళమువారి స్థావరము కలదనియు, అచ్చట క్షిపణుల పరీక్షలు జరుగుననియు బాపట్లవారికి క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. తెనాలి, రేపల్లె ప్రాంతములవారికి కూడ ఆకాశమున పోవు యుద్ధవిమానపు మ్రోత పరిచితమే. మ్రోత వినినంతనే పిల్లలు వీధిలోనికి పరుగెత్తుదురు. పెద్దలు చేయి అడ్డుపెట్టుకొని పైకి చూతురు. విమానము కనుమరుగైన పిమ్మట మన తలంపు కూడ దానితో పోవును. అందు కూర్చున్న మనుష్యుని గూర్చి మేము ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి. విమానము రహదారిని చేరలేకపోయినచో అతని గతి యేమి? నిజాంపట్నమునకు ఎదుట నడిసముద్రమున పడినచో, నల్లమల అడవిలో దిగినచో, శత్రుదేశపు కొండమీద దిగినచో ఏమి చేయవలెనో అతనికి ముందుగా నేర్పిన వారెవరు? ఆ నేర్పు ఎచ్చటినుండి వచ్చినది?

ఇది ప్రాణరక్షణ విద్య. వైమానికునికి విమానము నడుపుటను నేర్పినట్లే, విమానము లేకుండ బ్రతుకుటను కూడ నేర్పుదురు. దీనికి శాస్త్రగ్రంథములు తరువాత పుట్టినవి. మొదట పాఠములు చెప్పినవారు తిరిగివచ్చినవారు. సముద్రమున కొట్టుకొనిపోయి తీరము చేరినవారును, అడవినుండి నడచి వచ్చినవారును, చెరనుండి విడుదలైనవారును తాము చేసిన మేలును పొరపాటును విప్పి చెప్పగా, వినినవారు వ్రాసికొని తరువాతివారికి నేర్పిరి. ఈ విద్యలోని ప్రతి సూత్రము వెనుకను ఎవరో ఒకరి బాధ యున్నది.

మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు యుద్ధవిమానములు నడుపువారికి పారాచూటు సయితము లేదు. కూలిన విమానముతో కూలుటయే వారి వంతు. యుద్ధానంతరము మెసపొటేమియాలోను, మన వాయవ్య సరిహద్దు కొండలలోను ఎగురువారికి ఒక చీటీ ఇచ్చుచుండిరి. ఇతనికి హాని చేయక క్షేమముగా మా దండునకు చేర్చినవారికి బహుమాన మిత్తుమని అందు స్థానిక భాషలలో వ్రాసియుండెడిది. చూచుటకు చిన్న కాగితము. కాని ఈ విద్యకు మూలమైన ఒక సత్యము అందులో నున్నది. పడినవానికి మొదటి దిక్కు ఆ చోటనే పుట్టి పెరిగిన మనుష్యుడు. వానిని స్నేహితునిగా చేసికొన్నచో సగము గండము గడచినట్లే.

రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైన కొలది మాసములకే, 1939 డిసెంబరులో, బ్రిటిషువారు ఎం.ఐ.9 అను రహస్యశాఖను నెలకొల్పిరి. శత్రుభూమిలో దిగిన వైమానికులు పట్టుబడకుండ తప్పించుకొని వచ్చుటకు సాయపడుట, పట్టుబడినవారికి పారిపోవు ఉపాయములు అందించుట దాని పని. పట్టుబట్టపై అచ్చువేసిన పటములు తయారైనవి. మడిచినను తడిసినను చెడవు, విప్పునపుడు చప్పుడు కావు. చొక్కాగుండీలో దిక్సూచి నిమిడ్చిరి. అయితే ఈ వస్తువులకంటె ముఖ్యమైనది ఆ శాఖ చేసిన మరియొక పని. తప్పించుకొని వచ్చిన ప్రతివానిని కూర్చుండబెట్టి, ఏ యింటి తలుపు తట్టితివి, ఏ దారిని నడచితివి, ఎచ్చట మోసపోతివి అని అడిగి వ్రాసికొనిరి. ఆ సంగతులే మరుసటి దళములవారికి ఉపన్యాసములైనవి.

1942 ఏప్రిలులో ఈ విద్య అవసరము బంగాళాఖాతమునకు వచ్చినది. ఆ నెల 4వ తేదీన సింహళమునకు దక్షిణమున గస్తీ తిరుగుచున్న ఒక కెటలీనా విమానము జపాను నౌకాదళమును కనిపెట్టినది. దాని నాయకుడు లియొనార్డ్ బర్చల్ అను కెనడా దేశీయుడు. నౌకల సంఖ్యను, దిక్కును తంతిలేని వార్తగా పంపుచుండగనే జపాను యుద్ధవిమానములు పైబడి అతని విమానమును కూల్చినవి. అందున్న తొమ్మిదిమందిలో ముగ్గురు మరణించిరి. ఆరుగురిని జపాను నౌక పట్టుకొనినది. వార్త పంపితిరా లేదా అని కొట్టి అడిగిరి. పంపలేదని బర్చల్ బొంకెను. కాని వార్తను మరల చెప్పుడని కొలంబో కేంద్రము కోరిన సంకేతమును జపానువారు వినిరి. బొంకు బయటపడినది, దెబ్బలు హెచ్చినవి. అతడు 1945 వరకు చెరలోనే యుండెను. రోగులైన ఖైదీలచే పని చేయింపరాదని కావలివారిని ఎదిరించి శిక్షలనుభవించెను. చెరలో జరిగిన ఘోరములను రహస్యముగా దినచర్యలలో వ్రాసి దాచెను. చెరలో నాయకత్వము ఎట్లుండవలెనో చెప్పునపుడు నేటికిని అతని పేరు తలచుకొందురు. ఆ దినములలోనే, ఏప్రిలు 6వ తేదీన, జపాను విమానములు మన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ భయమున కోస్తా పట్టణములలో ఇండ్లు విడిచి లోతట్టు గ్రామములకు పోయిన కుటుంబముల ముచ్చట్లు పెద్దలనోట మనవారు వినియే యుందురు.

ఆ సంవత్సరమే పసిఫిక్ మహాసముద్రమున జరిగిన మరియొక సంగతి సముద్రపాఠమునకు మూలమైనది. అమెరికా నౌకాదళమునకు చెందిన హెరాల్డ్ డిక్సన్, జీన్ ఆల్డ్రిచ్, టోనీ పాస్టులా అను మువ్వురు జనవరి 16న ఇంధనము తరిగి సముద్రముపై దిగిరి. విమానము మునిగినది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల రబ్బరు తెప్ప మాత్రము వారికి దక్కినది. తిండి లేదు, నీరు లేదు. వాన కురిసినపుడు బట్టలు తడిపి నోటిలోనికి పిండుకొనిరి. జేబుకత్తితో చేపను పొడిచిరి, తుపాకితో పక్షిని కొట్టిరి. ముప్పదినాలుగు దినములకు పుకపుక అను చిన్న ద్వీపమును చేరిరి. తెప్పతోపాటు నీరు, చేపలగాలము, అద్దము, మందులు ఉండితీరవలెనని ఇట్టి యాత్రలే నిశ్చయపరచినవి.

సముద్రమున పడినవానిని ముందుగా చంపునది ఆకలి కాదు, దప్పి. ఈ మాట రేపల్లెవారికి వివరింపనక్కరలేదు. తెనాలి కాలువలలో పారునది కృష్ణ నీరే. అదే కృష్ణ రేపల్లె దాటి సముద్రమును సమీపించుచోట నోటబెట్టరాని ఉప్పగును. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను, ఈవలి తీరగ్రామములను ముంచిన పిమ్మట, కనుచూపుమేర నీరే యున్నను త్రాగుటకు చుక్క దొరకక జనులు తల్లడిల్లిరి; బావులు చెరువులు ఉప్పుకలిసి చెడిపోయినవి. నడిసముద్రమున వైమానికుని పరిస్థితి అదియే. సముద్రజలములో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. మన మూత్రపిండములు అంత గాఢమైన ఉప్పును వెలికి పంపజాలవు. లీటరు సముద్రజలము త్రాగినవాడు దానిలోని ఉప్పును వెడలగొట్టుటకు లీటరునకు మించిన నీటిని తన దేహమునుండియే వ్యయపెట్టవలెను. కావున దప్పి ఎంత బాధించినను ఉప్పునీరు ముట్టరాదనియు, నీరు లేనివాడు తిండి సయితము తగ్గించుకొనవలెననియు, తిండి అరుగుటకు కూడ నీరు కావలెననియు నేర్పుదురు. చలిసముద్రములలో పడినవానిని శీతలము గంటలలో చంపును. మన బంగాళాఖాతపు నీరు వెచ్చనిది. ఇచ్చట ఎండయే శత్రువు. బట్టలు విప్పుకొనక, వానిని తడుపుకొనుచు, తెప్పపై గుడారము పరచుకొని చెమట పట్టకుండ పడియుండవలెను. కోరి సోమరియగుట ఈ విద్యలో ఒక పాఠము!

అడవిపాఠమునకు వత్తము. ఇందులో ఒక రేడియో ప్రసంగకుని కథ యున్నది గనుక మాకు దీనిపై కొంచెము మమకార మెక్కువ. 1943 ఆగస్టు 2న అస్సామునుండి చైనాకు పోవు సి-46 రవాణా విమానమున ఎరిక్ సెవరైడ్ ప్రయాణము చేయుచుండెను. అతడు అమెరికాలోని కొలంబియా రేడియో సంస్థకు వార్తావ్యాఖ్యాత. ఇంజను చెడినది. అందున్న ఇరువదియొక్కరిలో పెక్కుమంది అంతవరకు పారాచూటును ముట్టియెరుగరు. అయినను బర్మా సరిహద్దున నాగా కొండలపై దుమికిరి. విమానములోనే నిలిచిన సహచాలకుడొక్కడు మరణించెను, ఇరువదిమంది బ్రతికిరి. వారికి వైద్యము చేయుటకు డాన్ ఫ్లికింజర్ అను వైద్యాధికారియు, ఇరువురు సహాయకులును ఆ అడవిలోనికి తామై పారాచూటులతో దిగిరి. చేరిన గ్రామము పొరుగు గ్రామములతో తలల వేటకు పేరుపడినది. ఆ నాగా గ్రామస్థులే వారికి గుడిసెలు చూపిరి, ఆహారము పెట్టిరి. పిమ్మట మొకోక్చుంగు ప్రాంతపు అధికారి ఫిలిప్ ఆడమ్స్ నాగా సహచరులతో వచ్చి, వారిని కొండలు దాటించి నడిపించుకొని పోయెను.

ఆ నడకలో ఒక చిన్న సంగతి గమనింపదగినది. పడినవారు ఎవరి దారిని వారు పట్టక ఒకచోట చేరిరి, కదలక వేచిరి. సహాయము వారున్న చోటికే వచ్చినది. భయపడినవానికి నడువవలెనని తోచును. నడచుటవలన ఏదో చేయుచున్నట్లు మనసు ఊరడిల్లును. కాని వెదకువారు మొదట విమానము పడినచోటనే వెదకుదురు. కావున మొదట కూర్చుండుము, శ్వాస తీసికొనుము, గాయము చూచుకొనుము, ఆలోచింపుము, తరువాతనే లెమ్ము అని చెప్పుదురు. అడవి ఎంత దాచగలదో తెలుగువారు 2009లో చూచిరి. ఆ సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణించుచున్న హెలికాప్టరు నల్లమలలో కనబడకుండ పోయినది. వైమానిక దళపు విమానములు, పోలీసులు, అడవిని ఎరిగిన చెంచువారు వెదకగా మరునాటి ఉదయమునకు గాని జాడ తెలియలేదు. అచ్చట బ్రతికినవారెవ్వరును లేరు. అయినను చెట్లకప్పుక్రింద ఒక లోహపుముద్ద ఎట్లు మాయమగునో ఆ ఇరువదినాలుగు గంటలు మనకు తెలిపినవి.

కనబడుట అను ఈ సమస్యకు రేడియో చేసిన సేవను చెప్పక విడుచుట మాకు న్యాయము కాదు. రెండవ యుద్ధకాలమున తెప్పలలో నుంచిన ఒక ప్రసారయంత్రమునకు సైనికులు గిబ్సన్ గర్ల్ అని ముద్దుపేరు పెట్టిరి. నడుము సన్నముగా నుండెడిది. తెప్పలో కూర్చున్నవాడు దానిని మోకాళ్ల నడుమ బిగించి చేతితో మర త్రిప్పవలెను. విద్యుత్తు అందే పుట్టును, ఆపదసంకేతము తనంతటనే వెలువడును. ఏరియలు తీగను గాలిపటమునకు కట్టి ఎగురవేయుదురు. అది 500 కిలోసైకిళ్లపై పలికెడిది. మన యింటి రేడియోలో మీడియంవేవు ముల్లును ఎడమకొసవరకు త్రిప్పినచో స్టేషన్లు ముగియు చోటికి కొంచెము ఆవలనున్నదే ఆ స్థానము. ఓడల తంతివారు దినమెల్ల చెవియొగ్గి వినుచుండిన స్థాన మదియే. నేడు చేతిమర పోయినది. 1982 సెప్టెంబరులో ఉపగ్రహము విన్న సంకేతమువలన తొలిసారి, కెనడాలో కూలిన చిన్న విమానపు ప్రయాణికులను కాపాడిరి. అమెరికా, కెనడా, ఫ్రాన్సు, సోవియటు రష్యా కలిసి ఆ ఏర్పాటును ఆరంభించెను. పరస్పరము అణ్వస్త్రములు గురిపెట్టుకొన్న రాజ్యములు కూడ పడినవాని మొర వినుటకు ఏకమైనవి. మన దేశమున ఆ సంకేతములను అందుకొను కేంద్రము బెంగుళూరులో కలదు.

ఇక చెర. వైమానికుల శిక్షణలో అన్నింటికంటె కఠినమైనదియు, బయటివారికి తక్కువగా తెలిసినదియు ఇదియే. కొరియా యుద్ధమున పట్టుబడిన అమెరికా వైమానికులలో కొందరు, తమ దేశము క్రిమియుద్ధము చేసినదని రేడియోలోను చిత్రములలోను ఒప్పుకొనిరి. నిద్ర లేకుండ, నిలువబెట్టి, ఒంటరిగా నుంచి, రాత్రింబగళ్లు ప్రశ్నించి ఆ మాటలు రాబట్టిరని వారు విడుదలైన పిమ్మట తెలిసినది. 1955 ఆగస్టు 17న అధ్యక్షుడు ఐసెన్‌హోవరు యోధులకు ఒక ప్రవర్తనానియమావళిని శాసించెను. నెవాడాలోని స్టెడ్ శిబిరమున, 1966నుండి ఫెయిర్‌చైల్డ్ స్థావరమున, శిక్షణ పొందువారిని నిజముగా అడవిలో తరిమి, పట్టుకొని, కల్పిత చెరలో ప్రశ్నించు పద్ధతి స్థిరపడినది. పేరు, హోదా, సంఖ్య, జన్మదినము: ఈ నాలుగింటిని మించి చెప్పనక్కరలేదని 1949 నాటి జెనీవా ఒడంబడికలోని 17వ అధికరణము. మన పార్లమెంటు 1960లో ఆ ఒడంబడికలను చట్టముగా స్వీకరించినది.

నియమము వ్రాయుట సులువు. వియత్నాము చెరలలో సంవత్సరముల తరబడి మగ్గినవారు తిరిగివచ్చి, హింసకు లొంగని దేహము లేదనిరి. ఒకసారి లొంగినవాడు తాను ద్రోహినైతినని కుమిలిపోక, మరునాడు మరల మొదటినుండి ఎదిరింపవలెను. అదియే తమను బ్రతికించినదని చెప్పిరి. వారి మాట విని 1977లో నియమావళిలోని పదములను సవరించిరి. మా దృష్టిలో ఈ విద్యాచరిత్రలో ఇది మిక్కిలి మానవీయమైన మలుపు. దీనికి విరుద్ధమైన మలుపును కూడ చెప్పవలెను. హింసను ఓర్చుటకు నేర్పిన ఆ కల్పితచెర పద్ధతులనే 2001 తరువాత అమెరికా అధికారులు తాము పట్టుకొన్న ఖైదీలపై ప్రయోగించిరి. 2008లో వారి సెనేటు సంఘమే ఈ సంగతిని విచారించి ప్రకటించినది. అబద్ధపు ఒప్పుదల రాబట్టుటకు పుట్టిన పద్ధతులనుండి నిజము వచ్చునని తలచుట ఎట్టి వివేకమో!

మన తెలుగు పేరుగల వైమానికుడొకడు ఈ చెరపాఠమును నిజముగా అనుభవించెను. 1999 మే 27న కార్గిలు యుద్ధమున ఫ్లైట్ లెఫ్టినెంటు కంబంపాటి నచికేత మిగ్-27 విమానముతో బటాలికు ప్రాంతమున శత్రుస్థానములపై రాకెట్లు ప్రయోగించుచుండగా ఇంజను ఆగిపోయినది. ఎజెక్షను సీటు అతనిని బయటికి విసరినది. దిగినది మంచుకొండపై, శత్రువుల నడుమ. చేతనున్న పిస్తోలుతో ఎదిరించెను, చివరకు పట్టుబడెను. మొదట పట్టినవారు కొట్టిరి. వారి పైయధికారి అడ్డుపడి ఆపెను. జూన్ 3న రెడ్‌క్రాసువారి ద్వారా మన దేశమునకు తిరిగివచ్చెను. కఠోపనిషత్తులో యముని యింటికి పోయి తిరిగివచ్చిన బాలుని పేరు నచికేతుడని మన శ్రోతలు ఎరుగుదురు; తల్లిదండ్రులు ఆ పేరు పెట్టునాడు ఏమి తలచిరో గాని, పేరు సార్థకమైనది. విమానమునుండి విసరబడిన తాకిడికి వెన్నెముక దెబ్బతినుటచే యుద్ధవిమానమును విడిచి, తరువాత రవాణా విమానములు నడిపెను. ఎజెక్షను సీటు ప్రాణము నిలుపును. వెన్నెముకను మాత్రము తరచు సుంకముగా పుచ్చుకొనును.

2019 ఫిబ్రవరి 27న పట్టుబడిన అభినందన్ వర్ధమానుని సంభాషణ దేశమెల్ల వినినది. తన దళము, విమానము, పని గూర్చి అడిగినపుడు అది చెప్పరాదని మర్యాదతోనే బదులిచ్చెను. చేతిలో టీ కప్పు, ముఖమున గాయము, కంఠమున నిదానము. ఆ నిదానము పుట్టుకతో వచ్చునది కొంత, నేర్పిన పాఠము కొంత.

మన దేశమున ఈ పాఠములు ఎచ్చటెచ్చట నేర్పుదురనగా: బెంగుళూరులో 1957లో స్థాపింపబడిన వైమానిక వైద్యసంస్థ కలదు. అచ్చట శిక్షితుని ఒక గదిలో కూర్చుండబెట్టి గాలిని పలుచన చేయుదురు. కాగితముపై లెక్కలు వ్రాయుమందురు. ప్రాణవాయువు తగ్గినకొలది అక్షరములు వంకరలు పోవును, లెక్కలు తప్పును. వ్రాయువాడు మాత్రము తాను చక్కగానే వ్రాయుచున్నానని నవ్వుచుండును. తన బుద్ధియే తనను మోసగించునని కన్నులార చూచుట మొదటి పాఠము. కాశ్మీరమునందలి వైమానిక దళపు పాఠశాలలో మంచులోను అడవిలోను బ్రతుకుట నేర్పుదురు: మంచునే గోడగా కట్టి లోపల వెచ్చదనము నిలుపుట, తడికట్టెతో నిప్పు రాజేయుట, అద్దపుతళుకును దూరపు విమానముపై పడవేయుట. కొచ్చిలో నౌకాదళమువారి నీటికొలనులో హెలికాప్టరు గదిని పోలిన పెట్టెలో మనుష్యులను పట్టీలతో బిగించి నీటిలోనికి దింపి తలక్రిందులు చేయుదురు. చీకటి, ముక్కులోనికి నీరు, పైయేదో క్రిందేదో తెలియదు. ఒక చేతితో కిటికీ అంచును పట్టుకొని, కదలిక ఆగువరకు నిలిచి, అప్పుడే పట్టీ విప్పవలెను. తొందరపడి ముందే విప్పినవాడు దారి తప్పును. శిక్షణ కావున గజఈతగాండ్రు ప్రక్కనే యుందురు. అయినను బయటికి వచ్చినవాని ముఖమున నెత్తురు చుక్క యుండదట.

మీరు గాని మీ యింటి బిడ్డ గాని వైమానిక దళమున చేరదలచినచో ఇందుకు సిద్ధపడియుండవలెను. కండబలముకంటె నిద్రలేమిని, ఆకలిని, తికమకను ఓర్చు నిబ్బరము అచ్చట ఎక్కువ అక్కరకు వచ్చును. నిజాంపట్నపు జాలరివాడు, మడఅడవుల బురదలో ఏ వేరుపై కాలు మోపవలెనో ఎరిగినవాడు, ఈ పాఠములలో సగమును చిన్ననాడే నేర్చియుండును. వారిని అడిగి నేర్చుకొన్నచో తక్కిన సగము కూడ సులువగును.

తిరిగివచ్చినవారి గూర్చియే ఇంతసేపు చెప్పితిమి. తిరిగిరానివారు చెప్పవలసిన పాఠము చెప్పలేరు. ఈ ప్రసంగారంభమున రహదారిపై దిగినదని చెప్పిన ఏఎన్-32 రకపు విమానమే ఒకటి 2016 జులై 22 ఉదయమున మద్రాసు సమీపమునందలి తాంబరమునుండి పోర్టుబ్లెయరునకు బయలుదేరినది. అందు ఇరువదితొమ్మిదిమంది యుండిరి. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారమున పనిచేయువారు. గంట గడవకమునుపే విమానము రాడారుపై కనబడకుండ పోయినది. ఓడలు, విమానములు, జలాంతర్గామి వెదకినవి. తెప్ప లేదు, అద్దపుతళుకు లేదు, సంకేతము లేదు. నీటి అడుగున మ్రోగి జాడ తెలుపు యంత్రము ఆ విమానమునకు లేదన్న సంగతి అప్పుడు పత్రికలలో చర్చకు వచ్చినది. సెప్టెంబరులో అందరు మరణించినట్లు భావింపవలసియున్నదని కుటుంబములకు తెలిపిరి. జాడ లేని మరణమునకు ఏ దినమున తద్దినము పెట్టుట? విశాఖలోని ఆ యిండ్లు ఏడేండ్లకు మించి అట్లే గడపినవి. 2024 జనవరిలో, సముద్రగర్భమున తిరుగు మనుష్యరహిత యంత్రము తీసిన ఛాయాచిత్రములలో, మద్రాసు తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున ఆ విమానపు శకలములు కనబడినవి. ఎంత శిక్షణ యున్నను ఆ లోతున అక్కరకు రాదు. అయినను కనబడుటకు వలసిన సాధనము విమానమునందే యుండవలెనన్న పాఠమును ఆ ఇరువదితొమ్మిదిమంది మాట లేకుండ చెప్పిరి.

ఇదే సముద్రమున మరియొక విధమైన యాత్రికులు ముందుముందు దిగవలసియున్నది. మన వ్యోమయాత్రకు ఎన్నుకొన్న నలుగురును వైమానిక దళమువారే. 2020లో రష్యాలో, మంచుతో కప్పబడిన అడవిలో దిగినపుడు ఎట్లు బ్రతుకవలెనో వారికి నేర్పిరి. హైదరాబాదులో చదువుకొన్న రాకేశ్ శర్మ 1984 యాత్రకు ముందు శిక్షణ పొందినది కూడ రష్యాలోనే. వ్యోమనౌక గదిని సముద్రమునుండి పైకి తీయవలసిన నౌకాదళపు జట్టునకు 2023లో కొచ్చిలో శిక్షణ ఇచ్చిరి. ఆ సంవత్సరము అక్టోబరు 21న మన తీరమునకు దక్షిణపు కొసనున్న శ్రీహరికోటనుండి ఖాళీగదిని పైకి పంపి పరీక్షించిరి. అది పారాచూటులపై వ్రేలాడుచు తీరమునకు సుమారు పది కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతమున పడినది. ఓడ సమీపించి చూడగా గది తలక్రిందులై తేలుచుండెను. ఈతగాండ్రు దానికి త్రాళ్లు కట్టి పైకి తీయించి మద్రాసు రేవునకు చేర్చిరి. మనుష్యులు పోవునాడు గదిని తనంతట నిటారుగా త్రిప్పుటకు గాలితో ఉబ్బు తిత్తులు అమర్తురు. అవి విచ్చుకొని పనిచేయువరకు, లోపలివారు పట్టీలు విప్పక, చేతితో ఒక అంచును పట్టుకొని వేచియుండవలెను.